కాన్పు డ్యూటీ

మేము రామగుండం స్టేషన్‌ల దిగినప్పుడు పొద్దుగాల ఐదు నలభై. నాలుగు రోజుల సంది వాన. ఇరవై మంది ఫౌజోళ్లం, రెండు రబ్బరు పడవలు, రెండు మోటార్లు, యాభై మీటర్ల తాళ్లు. ఆర్డరు ఒక్కటే: గోదావరి ఒడ్డు ఊర్లల్ల చిక్కుకున్నోళ్లను బయటికి తేవాలె.

మా సెక్షన్‌ల తెలుగు వచ్చినోన్ని నేనొక్కన్నే. మాది గోలేటి. నాయిన బొగ్గుబాయిల పని చేసిండు. పదహారేండ్ల సర్వీసుల మంచులనో ఇసుకలనో డ్యూటీ పడ్డది గని, సొంత గడ్డ మీద పడుడు అదొక్కసారే.

గోదావరిఖని అవతల ఒక బడిల క్యాంపు. కిటికీ నుంచి ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు కనపడేవి. వాగు నీళ్లు బొగ్గు కలిసి నల్లగ పారుతున్నయి.

మూడో దినం తొమ్మిదింబావుకు ఆ పక్క ఊర్లను చూసే నర్సమ్మ వచ్చింది. యాభై ఏండ్లుంటయి. చంకల ప్లాస్టిక్ కవర్ చుట్టిన రిజిస్టరు, చేతిల మందుల ఐస్ డబ్బా.

"నెలలు నిండినోళ్లు నలుగురు. ముగ్గుర్ని మొన్ననే దవాఖానకు తోలిన. ఒకామె ఊర్లనే ఉండిపోయింది. ఇంక పదిహేను రోజులున్నదని ఇంటోళ్లు కదలలే. ఇప్పుడు నొప్పులు మొదలైనయట."

మా హవల్దారుకు హిందీల చెప్పిన. ఆయన గడియారం చూసిండు. "నర్సమ్మకు లైఫ్ జాకెట్ తొడుగు" అన్నడు.

తొమ్మిది నలభైకి పడవ దింపినం. పత్తిచేన్ల మీది నుంచే పోతున్నం, ఒక్క పత్తిచెట్టు కనపడలే. కరెంటు స్తంభాలే దారి. పదిన్నరకు ఆమె ఇంటి డాబా చేరినం. పైన టార్పాలిన్ కింద ఆమె, పక్కన అత్త. భర్త బసంత్‌నగర్‌ల సిమెంటు పనికి పోయి నీళ్లకు అవతలే ఆగిపోయిండు.

చీర అడ్డం పట్టి మేము అటుదిక్కు తిరిగినం. అర్ధగంటల కాన్పయింది. ఆడపిల్ల. ఏడ్వలే.

నర్సమ్మ గొంతు మారింది. "తమ్మీ, జల్ది ఇటు రా."

మాయ పడ్డది గని రక్తం ఆగుతలేదు. తల్లి తొడకు ఇంజెక్షన్ అప్పటికే ఇచ్చింది. పిల్ల మొఖానికి మాస్కు పెట్టి, రబ్బరు సంచి ఒత్తి గాలి ఇస్తున్నది.

"నాకు రెండే చేతులు. పిల్లను నేను చూస్త, తల్లిని నువ్వు చూడు. బొడ్డు కింద చెయ్యి పెట్టి గట్టిగ రుద్దు. గర్భసంచి రాయి లెక్క కావాలె. మెత్తగున్నంత సేపు రక్తం పోతనే ఉంటది."

నా చెయ్యి లేవలే. పరాయి ఆడామె. అత్త దిక్కు చూసిన.

ముసలామె నా చెయ్యి గుంజి కోడలి కడుపు మీద పెట్టింది. "సిగ్గుపడే టైమా కొడుకా? నీ చెల్లె అనుకో."

రుద్దిన. లోపల పిండిముద్ద లెక్క ఉన్నది. కొంచెం సేపటికి గట్టిపడ్డది. ఆపితే మళ్ల మెత్తబడ్డది. ఆపలే.

రెండు నిమిషాలకు పిల్ల కెవ్వుమన్నది. హవల్దారు రేడియో అందుకున్నడు. "బేస్, బోట్ వన్. పేషెంటు ఒకరు కాదు, ఇద్దరు. తల్లికి రక్తం పోతున్నది. ఒడ్డుకు అంబులెన్సు పంపుండ్రి. ఓవర్."

తల్లిని టార్పాలిన్‌ల మోసి పడవల పండవెట్టినం, అత్త గూడ ఎక్కింది, నేను రుద్దుతనే ఉన్న. నర్సమ్మ పిల్లను తల్లి రొమ్ముకు పట్టించింది. పాలు తాగితే గర్భసంచి ముడుచుకుంటదట. ఆ తల్లి పేరు లావణ్య. కండ్లు మూతలు పడుతున్నయి.

"పండుకోకు చెల్లె. బిడ్డకు ఏం పేరు పెడ్తవు?"

"మా ఆయన్ను అడగాలె." నా దిక్కు చూసి, "అన్నా, నేను బతుకుతనా?"

"బతుకుతవు." నాకేం తెలుసు? అయినా అన్న.

పడవల యాభై నిమిషాలు, అంబులెన్సుల పావుగంట. దవాఖానల డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. "గట్టిగనే ఉన్నది. ఇగ వదులు" అన్నది. రెండు సీసాల రక్తం ఎక్కిచ్చిన్రు. మర్నాడు లేసి కూసొని గంజి తాగిందని నర్సమ్మ ఫోన్ చేసింది.

తొమ్మిదో దినం క్యాంపు ఎత్తేసినం. మరుసటేడు ఫౌజు నుంచి దిగి గోలేటికి వచ్చిన. ఇప్పుడు వాడల ఎవరు కడుపుతోని ఉన్నా పోయి చెప్త: వానకాలమైతే కాన్పు తారీకు దాక ఆగకుండ్రి, ముందుగాల్నే దవాఖాన దగ్గర ఉండుండ్రి అని. "ఫౌజోడు ఆడోళ్ల ముచ్చట చెప్తుండు" అని నవ్వుతరు. నవ్వనియ్యి.

సర్వీసుల చూసినయి మస్తు మర్చిపోయిన. ఇదొక్కటి పోదు. దవాఖాన వరండాల బల్ల. నా వేళ్లు కొక్కెం లెక్క వంగిపోయి తెరుచుకుంటలేవు. పక్కన ఆ ముసలామె, నెత్తి నుంచి నీళ్లు కారుతున్నయి. నా చెయ్యి ఒళ్లె పెట్టుకొని, ఒక్కొక్క వేలు మెల్లగ సాపు చేస్తున్నది.