రెండో రోబోలో రెండు మిల్లీమీటర్లు

లోవరాజు చేతిలోంచి వంకర పని బయటికి పోయిందని ముప్పై ఏళ్లలో ఎవరూ అనలేదు. తుని దగ్గరి పల్లె నుంచి వచ్చి, నగరంలో కార్ఖానా అనే పేటలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టరుగా కుదురుకున్నవాడు. పని నిక్కచ్చిగా వస్తేనే దాని మీద పంచ్‌తో 'లో' అని చిన్న గుర్తు కొట్టేవాడు. రాకపోతే చెత్తబుట్టే గతి. రెండు వేల ఆరులో ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తుంటే, హాజరు కోసం తప్ప వర్క్‌షాపు గడప ఎవరు తొక్కుతారు చెప్పండి!

అలాంటిది ఆ ఏడాది రోబో జట్టు పిల్లలు అతని బల్ల చుట్టూ మూగారు. పోటీకి చేసిన రోబోని మూడు వారాల ముందే పెట్టెలో పెట్టి పంపెయ్యాలట. మరి దాన్ని నడిపే సుధ అప్పటిదాకా దేని మీద సాధన చెయ్యాలి? అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలి. లోవరాజుకి ఛాతీ ఉబ్బిపోయింది. పెట్టె మూసేలోపు మొదటి రోబోని అణువణువూ కొలిచి, రెండోదానికి ప్లాను గీశాడు. పిల్లలు వేసిన ఎడమ ఇరుసు రంధ్రం రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. "ఇదేటి పని!" అని గొణిగి, ఆ అంకె కొట్టేసి సరైనది వేశాడు.

రెండో రోబో గీత గీసినట్టు నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగో రోజు సుధ మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"సార్, ఏమనుకోకుర్రి. గిది సీదా పోతది. అసలుదేమో ఎడమకు గుంజుతది. నేను రిమోట్ల కుడికి నొక్కి ఆపుకుంటుంటి. ఇప్పుడా అలవాటే పోతున్నది. ఆడ పోటీల గోడకు గుద్దిననుకో, ఖేల్ ఖతం."

"అయితే నన్ను వంకరగా సెయ్యమంతావా తల్లీ?"

సుధ తలూపింది.

ఒళ్లు మండిపోయింది లోవరాజుకి. మధ్యాహ్నం అన్నం సయించలేదు. కానీ తన గొప్ప కోసం ఆ పిల్ల కష్టమంతా మట్టిపాలు చెయ్యడమా? ప్లాను తీశాడు. కొట్టేసిన అంకె ఇంకా కనబడుతూనే ఉంది. కొత్త పలక కోసి, వెంట్రుకవాసి తేడా రాకుండా రెండు మిల్లీమీటర్లు వెనక్కి రంధ్రం వేశాడు. ముప్పై ఏళ్ల పనితనమంతా పెట్టి ఆ తప్పు చేశాడు మహానుభావుడు.

వరండాలో సుద్దగీత మీద వదిలితే రోబో ఎడమకు లాగింది.

"అచ్చం గదే సార్!" అంటూ సుధ గంతులేసింది.

'లో' కొట్టడానికి మాత్రం అతనికి చెయ్యి రాలేదు.

పోటీ రోజు సాయంత్రం వర్క్‌షాపు ఫోను మోగింది.

"సార్, గెలిచినం! ఒక్కసారి సుత గోడకు తగల్లె!"

"నాకు తెల్దేటమ్మా!" అన్నాడు. ఎంత గర్వమో ఆ మనిషికి! ఫోను పెట్టేసి, రెండో రోబోని బల్ల మీద తిరగేసి పడుకోబెట్టాడు. ఆ వంకర పలక మీద పంచ్ ఆనించి, ఒకే ఒక్క దెబ్బతో 'లో' అని కొట్టాడు.