పెంగ్విన్ బాగుచేసిన కంప్యూటరు

ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరేమిటో వీధిలో సగం మందికి తెలియదు. లాప్‌టాప్ మూత మీద కంప్యూటర్లను నడిపే ఉచిత సిస్టమ్ లినక్స్‌కు గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించుకుని తిరుగుతాడు కనుక అందరికీ అతను పెంగ్వినే. నడక కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అందుకని పేరు అతికినట్టు కుదిరింది.

ఆఫీసుల్లో జిరాక్సు మిషన్లు బాగుచేయడం అతని పని. కాగితం ఎక్కడ ఇరుక్కుందో, రోలరు ఎక్కడ అరిగిందో చప్పుడు విని చెప్పేస్తాడు. చొక్కా చేతులకు ఎప్పుడూ నల్లపొడి అంటుకుని ఉంటుంది. పని అయ్యాక నేల మీద రాలిన పొడిని ఊడ్చేవాళ్ళకు వదలకుండా తనే తడిగుడ్డతో తుడిచి వస్తాడు. మంచివాడు. మంచివాళ్ళు చేసే తప్పే చేశాడు.

టైలరు దుకాణం పైన అతని గది. ఆదివారం పొద్దున అక్కడ కెమెరా ముందు కూర్చుని ఆ వారం సాఫ్ట్‌వేరు వార్తలు చెప్పి, వాటి మీద తన అభిప్రాయాలు చెబుతాడు. వినేవాళ్ళు మరీ ఎక్కువమంది కాదు గానీ, ఉన్నవాళ్ళు గట్టివాళ్ళు. అతను రికార్డు చేసినంతసేపూ కింద టైలరు మిషను ఆపి, గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటాడు. ఎవరూ అడగలేదు. ఆ సంగతి పెంగ్విన్‌కు తెలియను కూడా తెలియదు.

గేమ్ స్ట్రీమింగ్ మాట వస్తే మాత్రం అతని గొంతు లేచేది.

"ఆట వాళ్ళ కంప్యూటర్లో నడుస్తుంది, మనింటికి బొమ్మొక్కటే వస్తుంది. పక్కింటివాడి టీవీని కిటికీలోంచి చూడ్డం కాదా ఇది? వాడు కిటికీ మూస్తే మన గతేంటి? ఈ వారం ఇంకో కంపెనీ మూసేసింది. జనం పొద్దున లేచి చూస్తే ఆటల్లేవు! మన మిషను మీద, మన లినక్స్‌లో, మన ఆట. అప్పుడే అది మనది."

అందులో అబద్ధం లేదు. నిజం చేతిలో ఉన్నప్పుడే మనిషి ఎదుటివాడి ముఖం చూడడం మానేస్తాడు.

ఎదురింట్లో డ్రైవరు బాబాయి ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. పెంగ్విన్ తల్లి జబ్బుపడినప్పుడు జోరువానలో వ్యాను తీసి ఆసుపత్రికి చేర్చి, ఆమె కళ్ళు తెరిచేదాకా బెంచీ మీంచి కదలనివాడు. అంతకన్నా చుట్టరికం ఏం కావాలి? జీవితమంతా లారీ తోలిన మనిషికి నడుము పూసలు అరిగి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది చూడలేక కూతురు తన పాత కంప్యూటరు, ఆటలాడే చిన్న స్టీరింగు తెచ్చి, స్ట్రీమింగ్‌లో లారీల ఆట పెట్టించింది. ఆ పాత డబ్బాకు అంత పెద్ద ఆటను నడిపే శక్తి లేదు. ఎక్కడో ఉన్న పెద్ద మిషను నడిపేది, ఇది చూపించేది.

బాబాయి లేచి కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మరీ బండెక్కేవాడు. ఆ ఆటలో ఒక డీజిలు బంకు ఉంది. అక్కడ 'ఈల' అనే పేరుతో ఇంకో లారీ ఎదురుచూసేది. దాన్ని ఎక్కడో కూర్చుని నడిపే అతనూ పని మానేసిన డ్రైవరే. ఏ ఊరో, అసలు పేరేమిటో ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. చెవికి మైకు తగిలించుకుని ఇద్దరూ మలుపుల గురించి, పాత ఓనర్ల పిసినారితనం గురించి మాట్లాడుకుంటూ లోడు చేరవేసేవారు. మధ్యమధ్య బాబాయి నవ్వు వీధిలోకి వినిపించేది.

పెంగ్విన్ ఆ నవ్వు విన్నాడు. అయినా అతని కళ్ళు తెర మూలనున్న స్ట్రీమింగ్ కంపెనీ గుర్తు మీదే నిలిచాయి.

"బాబాయ్, ఇది అద్దె బండి. ఎప్పుడు లాక్కుంటారో తెలీదు. లినక్స్ వేసి సొంత బండి ఇస్తాను."

"నాకేం తెలుసురా ఇవన్నీ. నువ్వు మంచిదంటే మంచిదే."

అతను తన గదిలో అదే ఆటను లినక్స్‌లో ముందుగా నడిపి చూసుకున్నాడు. గుర్రంలా పరిగెత్తింది. తనది కొత్త మిషననీ, బాబాయిది ముసలి డబ్బా అనీ ఆ ఉత్సాహంలో గుర్తు రాలేదు. పాత సిస్టమ్ మొత్తం తుడిచి లినక్స్ ఎక్కించాక ఆట పెడితే, తెర మీద లారీ నత్తలా పాకి ఆగిపోయింది. పోనీ స్ట్రీమింగే పెడదామంటే, మీ సిస్టమ్‌లో మా సేవ పనిచేయదని ఆ కంపెనీ పేజీ చెప్పేసింది. అతను కాస్త తడబడి, పాతకాలపు తేలికైన లారీ ఆట ఒకటి వెతికి పెట్టాడు. అందులో రోడ్డుంది, లారీ ఉంది. తోడు ఎవరూ రారు. ఈలతో ఫోన్లో మాట్లాడుకుంటారులే అనుకున్నాడు. లారీ లారీయే కదా అనుకున్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"భేషుగ్గా ఉందిరా. ట్రాఫిక్ కూడా లేదు."

తరువాతి ఆదివారం పెంగ్విన్ గర్వంగా చెప్పాడు: "మా వీధిలో ఒక పెద్దాయన స్ట్రీమింగ్ వదిలేసి లినక్స్‌కి వచ్చారు." చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. ఆయన్ను చూపించమని అందరూ అడిగారు.

కొన్ని వారాల తరువాత ఫోను పట్టుకుని వెళ్ళాడు. బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కెమెరా ముందు కూర్చున్నాడు. "మావాడు దగ్గరుండి పెట్టాడు. సొంత బండి సొంత బండే," అన్నాడు. ఒక్కసారికే చక్కగా చెప్పేశాడు. పెంగ్విన్ పొంగిపోయి మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాడు. పిన్ని గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించింది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోకు నాన్నా. ఆ పాతది మళ్ళీ పెట్టడానికి కుదరదా?"

"ఏం పిన్నీ, బాగానే ఉందన్నాడే!"

"నీతో అలాగే అంటాడు. నువ్వు వస్తున్నావని తెలిస్తే ఆన్ చేస్తాడు, నువ్వెళ్ళగానే కట్టేస్తాడు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు."

"మరి ఆ ఈల? ఫోన్ చేసుకోవచ్చుగా?"

"ఫోన్ నంబరెక్కడిది? నువ్వు మార్చడానికి ముందురోజే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఏదో మలుపులో ఈయన అతని లారీని దాటేశాడట. 'నీతో నాకేంటి' అని ఈయనే కోపంగా దిగిపోయాడు. మర్నాడు వెళ్ళి సరిచేసుకుంటానన్నాడు. ఆ మర్నాడే నువ్వు వచ్చావు."

"నాకు చెప్పలేదేం పిన్నీ?"

"చెబుదామంటే కసిరాడు. 'వాడు ఆదివారం సెలవు మానుకుని చేశాడే, వాడి మనసు నొప్పిస్తావా' అని."

పెంగ్విన్ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. పక్కగదిలో బాబాయి కంప్యూటరు కట్టేసిన చిన్న చప్పుడు వినిపించింది. మిషన్ల చప్పుడు విని రోగం చెప్పేవాడికి ఇన్నాళ్ళూ ఆ చప్పుడు చెవిన పడలేదు.

అప్పటికప్పుడే లినక్స్ తీసేసి పాత సిస్టమ్ వేశాడు. తన చేత్తోనే ఆ స్ట్రీమింగ్ పెట్టాడు. బాబాయి వెనక నిలబడి "ఇప్పుడెందుకురా శ్రమ" అంటూనే, తెర వెలగగానే గబగబా మైకు తగిలించుకున్నాడు. లారీ బంకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. ఆటలోకి వచ్చినవాళ్ళ పేర్లు పచ్చగా వెలిగే మిత్రుల పట్టికలో ఈల పేరు బూడిదరంగులో ఉంది. చివరిసారి వచ్చిన తేదీ దాని పక్కనే ఉంది, చాలా రోజుల కిందటిది. బాబాయి ఒక మాట పంపాడు: "తప్పు నాదే. రా." జవాబు రాలేదు.

ఆ ఆదివారం పెంగ్విన్ బాబాయి మాటల వీడియోను చెరిపేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "స్ట్రీమింగ్ మీద నా అభిప్రాయం మారలేదు. కిటికీ వాళ్ళదే. కానీ ఆ కిటికీ దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు, నేనది చూడకుండా గోడ కట్టేశాను. ఈల అనే పెద్దాయన ఎవరికైనా తెలిస్తే, మా బాబాయికి కోపం లేదని చెప్పండి." వీడియో కింద కొందరు 'కంపెనీకి అమ్ముడుపోయావా' అని రాశారు. ఒకరు, వెతుకుతాం అన్నా, అని రాశారు. అతను ఎవరితోనూ వాదించలేదు.

అప్పటినుంచి పని దిగగానే బాబాయింటికి వెళ్ళి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లారీ బంకు దగ్గర ఆగి ఉండేది. పిన్ని ఇద్దరికీ టీ ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్ళేది. దేవుడా, ఆ ఒక్క పేరూ పచ్చగా వెలిగించు అని పెంగ్విన్ లోలోపల వేడుకునేవాడు. ఎప్పుడూ దేవుణ్ణి ఏదీ అడగనివాడు.

ఒకరోజు అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి బాబాయి ఉత్సాహంగా ఎదురొచ్చాడు.

"నిన్న నువ్వెళ్ళాక వచ్చాడురా! మాట్లాడుకున్నాం. కోపం లేదూ గీపం లేదూ. ఊళ్ళో లేడట, అంతే. ఇక నువ్వు రోజూ ఇలా రానక్కర్లేదు. వెళ్ళి నీ పని చూసుకో."

ముఖం నిండా నవ్వు. వీడియోలో ఉన్నదీ ఈ నవ్వే.

గుండె మీంచి బండ దిగినట్టయింది పెంగ్విన్‌కు. సరే బాబాయ్ అని చెప్పుల వైపు తిరిగాడు కూడా. తిరిగినవాడు ఆగి, గదిలోకి వెళ్ళి తెర చూశాడు. పేరు బూడిదరంగులోనే ఉంది. పక్కనున్న తేదీ కదలలేదు.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రాలేదు కదా బాబాయ్."

బాబాయి నవ్వు నిలపడానికి ఇంకాసేపు ప్రయత్నించాడు. చేతకాలేదు. నెమ్మదిగా వచ్చి, నడుము పట్టుకుని తన కుర్చీలో కూర్చున్నాడు.

"రాలేదురా," అన్నాడు. "బెంగగా ఉంది."

ఇన్ని వారాల్లో ఆయన పెంగ్విన్‌తో చెప్పిన మొదటి నిజం అది. పెంగ్విన్ తల వంచుకుని విన్నాడు. క్షమించమనలేదు. అలా అంటే, "ఛ, నువ్వేం చేశావురా" అని ఆయన వెంటనే ఇంకో అబద్ధం ఆడతాడని ఇప్పుడు అతనికి తెలుసు.

"ఎలాంటివాడు బాబాయ్ ఆయన? చెప్పు."

బాబాయి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.