మావయ్య ముక్కు, మూకుట్లో నూనె

ఇప్పుడంటే నూనె ప్యాకెట్ మీద గుండె బొమ్మ ఉందో లేదో చూసి కొంటున్నాం కానీ, నాకు పెళ్ళయిన కొత్తలో, అంటే రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో, పలాస ఇళ్ళల్లో నూనెని ఒకసారి వాడి వదిలేసేవాళ్ళు ఎవరూ లేరు. మొదట గారెలకి, తర్వాత అప్పడాలకి, ఆ తర్వాత భావనపాడు నుంచి వచ్చిన చేపలకి, ఇక దేనికీ పనికిరాదనుకున్నాక తలుపు బందులకి. (మా అత్తవారింట్లో ఒక్క తలుపూ కిర్రుమనేది కాదు. అన్నీ వంజరం చేప వాసనేసేవి.)

ఈ సంగతి తెలియని మనిషి ఆ ఇంట్లో ఒక్క మావయ్యే. ఆయన జీడిపప్పు దళారీ. గుప్పెడు పప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఈ ఏటిదో నిరుటిదో చెప్పేసేవారు. ఆయన మాట మీదే బేరాలు తెగేవి. దాంతో ఆ ముక్కు మీద ఆయనకి ఇంట్లో కూడా గట్టి నమ్మకం. "ఒకపాలి కాగిన నూనె మళ్ళీ పొయ్యెక్కితే నాకు ఈదిలోంచే తెలిసిపోద్ది. మా ఇంట్లో అలాటియ్యి జరగవు" అని భోజనానికి వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు. వంటింట్లో అత్తమ్మ నాలుగోసారి కాగుతున్న నూనెలో అప్పడం తిప్పుతూ ఆ మాటలు వినేది.

నేనేమో టెక్కలిలో బీయస్సీ చదివొచ్చిన కోడల్ని. వచ్చిన నెలలోనే, నల్లబడ్డ నూనె ఒంటికి మంచిది కాదు, పారబోసేద్దాం అన్నాను. "పారబోత్తావేటి? సేతులెలా వొత్తాయే నీకు?" అంది అత్తమ్మ. ఆ తర్వాత నన్ను కూరలు తరగడానికే పరిమితం చేసింది. మూకుడు ముట్టుకోనివ్వలేదు. అవమానం భరించలేక, పేపర్లో ఆడవాళ్ళ పేజీలో చదివిన ఉపాయం ఒకటి పట్టుకెళ్ళాను. కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పాత నూనెలో పోసి సన్న సెగ మీద తిప్పితే, ఆ పిండి గడ్డకట్టి మడ్డినంతా లాక్కుంటుందట. అత్తమ్మ చాలాసేపు ఆలోచించి, "సరే, సెయ్యి. పాడు సేసేవంటే మాత్రం నిన్ను మళ్ళీ పొయ్యి మొహం సూడనివ్వను" అంది.

నా చదువంతా ఆ మూకుట్లో పోసి తిప్పాను. నిజంగానే పిండి ముద్దలు ముద్దలుగా గడ్డకట్టింది. చేప పొట్టు, మాడిన కారం, అప్పడాల నలుసులు అన్నీ దానికి అంటుకుని, గోధుమరంగులో కరకరలాడుతున్నట్టు పైకి తేలాయి. చిల్లుల గరిటెతో తీసి, పారేద్దామని పళ్ళెంలో పెట్టాను. నూనె గుడ్డలో వడగట్టి సీసాలో పోస్తే అవతలి గోడ కనిపించింది. (నలకలు పోతాయి కానీ పాతదనం పోదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పూటకి మాత్రం నేను శాస్త్రవేత్తని.) సీసా పట్టుకుని, పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్న అత్తమ్మకి చూపించడానికి పరుగెత్తాను.

సరిగ్గా అప్పుడే మావయ్య ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఇద్దరు కొనుగోలుదార్లని వెంటబెట్టుకుని వచ్చారు. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెం చూసి, దాన్నీ వీధి అరుగు మీదికి పట్టుకుపోయారు. మేమిద్దరం లోపలికొచ్చేసరికి ముగ్గురూ నములుతున్నారు.

"కోడలు సేసినట్టున్నాది" అంటున్నారు మావయ్య. "రొయ్యపొట్టు ఏసింది. కొంచెం జీడిపప్పు పొడి కూడా. వోసన సూడు బావా, నూనె ఇప్పుడే డబ్బా ఇప్పినట్టున్నాది."

వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒక ముక్క వాసన చూశాడు. మొహం కొద్దిగా మారింది. కానీ మర్నాడు ఆయన కొనబోయే సరుకు మావయ్య ముక్కు మీద ఆధారపడి ఉంది. "అవును బావా, తాజా నూనే" అన్నాడు. చిన్నాయన ఇంకా ముందుకెళ్ళి, వాళ్ళావిడకి రుచి చూపిస్తానని రెండు ముక్కలు కాగితంలో పొట్లం కట్టించుకున్నాడు.

నేను నోరు తెరిచాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. "ఇప్పుడు నువ్వు సెప్తే ఆ మడిసి రేపు బజార్లో తలెత్తుకుంటాడేటి? ఊరుకో." ఊరుకున్నాను. మర్నాడు ముగ్గురూ బజార్లో క్షేమంగా తిరుగుతున్నారని తెలిసేదాకా నాకు ముద్ద దిగలేదు.

వారం తిరక్కుండానే మావయ్య ఆ పిండివంట మళ్ళీ కావాలన్నారు. ఈసారైనా నిజాయితీగా పెడదామని, కొత్త డబ్బా విప్పించి, మంచి రొయ్యపొట్టు తెప్పించి, నిజంగానే జీడిపప్పు పొడి వేసి చేశాను. మావయ్య ఒక ముక్క కొరికి, ఆగి, వాసన చూసి పళ్ళెం పక్కకి జరిపారు.

"ఇది పాత నూనె కదమ్మా" అన్నారు జాలిగా. "సిన్నపిల్లవి, తెలీక సేసేవు. ఈపాలికి పోనీ."

నేను తల వంచుకుని పళ్ళెం తీసుకుని లోపలికొచ్చాను. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పొయ్యి ముందు కూలబడి ఉంది, నవ్వలేక ఒళ్ళంతా ఊగిపోతోంది. నాకు ఏడుపొచ్చింది, అంతలోనే నవ్వూ వచ్చింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చప్పుడు చెయ్యకుండా నవ్వుకున్నాం. ఆ పళ్ళెం మేమిద్దరమే ఖాళీ చేశాం. కాసేపయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, గూట్లో ఉన్న నా సీసా తీసి కిటికీ వైపు పట్టుకుని చూసింది.

"ఎవులేటన్నా, నూనె మాత్రం బాగా తేరిందే పిల్లా" అంది. ఇక ఇది నీదే అన్నట్టు మూకుడు నా చేతికిచ్చింది.

మావయ్యకి ఆ సంగతి చివరిదాకా చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఒక్క మాటకి అంత పొంగిపోయిన ఆ ఇరవై రెండేళ్ళ కోడలిని చూసి నవ్వొస్తుంది. పట్టా అందుకున్న రోజున కూడా ఆ పిల్ల అంత నిటారుగా నిలబడలేదు.