జప్తుకెళ్ళిన ఎడ్లు

అరవైల్లో ఒక ఏడు మా మిరపతోట తెగులుతో పోయింది. బాకీ కట్టలేదని సహకార బ్యాంకు వాళ్ళు మా ఎడ్లను జప్తు చేసి, ఊళ్ళోనే ఉన్న బ్యాంకు సెక్రటరీగారి దొడ్లో కట్టేయించారు. మా నాన్నకు ముక్కు మీదే కోపం. దున్నే ఎడ్లను జప్తు చేయకూడదని గుంటూరు కోర్టుకెక్కారు. “ఇక ఆ సెక్రటరీ గడప తొక్కితే ఒట్టు” అన్నారు.

కేసు నడిచిన నాలుగు నెలలూ సెక్రటరీగారి భార్య పత్తిగింజలు నానబెట్టి రుబ్బి, ఎడ్లకు తన చేత్తో పెట్టారు.

నాన్న గెలిచారు. ఎడ్లు ఇంటికొచ్చాయి. మర్నాడు పొలానికి బండి కడితే, ఎంత అదిలించినా వినకుండా అవి సెక్రటరీగారి వాకిట్లోకే వెళ్ళి ఆగాయి. నేను బండిలోనే ఉన్నాను.

“దిగండి అన్నయ్యగారూ, మజ్జిగ ఇస్తాను” అన్నారావిడ.

నాన్న ఎడ్లవంక గుర్రుగా చూశారు.

“నేను రాలేదమ్మా, ఇవి తీసుకొచ్చాయి” అంటూ దిగారు.