తల ఊపకూడని ఉద్యోగం

ఆ రోజుల్లో భయపడటానికి నాకు ప్రత్యేకంగా ఒక కారణం అక్కర్లేదు. (ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేం కాదు. అప్పటికే బెంగళూరులో పీణ్యకు మెట్రో నడుస్తోంది, నా చేతిలో టాబ్ కూడా ఉంది.) హిందూపురంలో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ పూర్తిచేసి, బెంగళూరు వచ్చి, మడివాళలో పీజీ అని పిలిచే ఒక అమ్మాయిల హాస్టల్లో కిటికీ లేని గదిలో చేరిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం సర్వే ఉద్యోగం. దేశంలో ఏ బడిలో ఎందరు టీచర్లున్నారు, మూడో తరగతి పిల్లల్లో చదవగలిగేవాళ్ళు ఎందరు, లెక్క చేయగలిగేవాళ్ళు ఎందరు అని తేల్చే పెద్ద సర్వే అది. అందులో నేనొక చిన్న చీమను. మా ఇంట్లో అమ్మ టీచరు, నాన్న టీచరు, అక్క టీచరు, ఏరికోరి తెచ్చుకున్న బావ కూడా టీచరే. అన్నం తింటున్నప్పుడు కూడా ఎవరో ఒకరు నన్ను ప్రశ్న అడిగి జవాబు చెప్పమనేవారు. అలా పెరగడం వల్లనేమో, బడి గేటు కనబడితే నేను రోడ్డుకు అవతలి పక్కకు మారిపోయేదాన్ని. అందుకే నాన్న పెట్టిన షరతు వినగానే నా పైప్రాణం పైనే పోయింది. "ఉద్యోగం నిలబెట్టుకుంటివా సరే. లేదంటే మారుమాట లేకుండా వచ్చి బీఎడ్‌లో చేరల్ల" అన్నాడాయన. జీవితాంతం ఓ నలభైమంది పిల్లల ముందు నిలబడటం కంటే ఏదైనా నయమే అనుకుని బండెడు ధైర్యం చెప్పుకుని చేరాను. చేరాక తెలిసింది, ఈ ఉద్యోగం మొత్తం బడుల్లోనే అని.

శిక్షణలో మాకు అన్నింటికంటే గట్టిగా నూరిపోసింది ఒకటే. ప్రశ్న ఎలా ఉందో అలాగే చదవాలి, సాయం చేయకూడదు, శభాష్ అనకూడదు, నవ్వకూడదు, ముఖం గోడలా ఉండాలి. మేము పరీక్షించిన పిల్లల్లో కొందరిని సూపర్‌వైజర్ వచ్చి మళ్ళీ పరీక్షిస్తాడు. దాన్ని బ్యాక్ చెక్ అంటారు. ఆయనకొచ్చిన మార్కులూ మాకొచ్చిన మార్కులూ పొంతన లేకుండా ఉంటే, మేం చేసిన పనంతా బుట్టదాఖలు, మేం ఇంటిదారి. ఆ సూపర్‌వైజర్‌ది మహబూబ్‌నగర్ వైపు. ఎప్పుడు నవ్వాడో ఎవరికీ తెలియదు. మేమంతా ఆయన్ని 'బ్యాక్ చెక్ సార్' అనేవాళ్ళం, అదీ ఆయన ఆ చుట్టుపక్కల లేడని రూఢి చేసుకున్నాకే.

పీణ్యలో లేతు మిషన్ల షాపుల మధ్య ఇరుక్కుని ఒక చిన్న కన్నడ మీడియం సర్కారు బడి ఉండేది. హిందూపురం సరిహద్దు ఊరే కాబట్టి కన్నడం చదవడం నాకు వచ్చు. పిల్లల్లో ముప్పాతిక మంది అనంతపురం, కర్నూలు నుంచి కూలిపనికి వచ్చిన మనవాళ్ళ బిడ్డలే. నేను గేటు దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళే ధైర్యం కోసం మంచినీళ్ళు తాగి, మళ్ళీ తాగి, చివరికి సీసా ఖాళీ అయ్యాక వెళ్ళాను. లోపల నన్ను చూడగానే, నెరిసిన జుట్టుతో కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ గబుక్కున లేచి నిలబడింది. నేను భయపడి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆవిడ కూడా వెనక్కి ఒక అడుగు వేసింది. పిల్లలంతా ఆవిడను హెడ్ మిస్సు అంటారు. తాతల నాడే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఆవిడది.

"నువ్వేనామ్మా మాకు పరీచ్ఛ పెట్టేకి వచ్చిండేది?" అంది చీరచెంగుతో నుదురు ఒత్తుకుంటూ.

"మీక్కాదు మేడమ్, పిల్లలకు."

"పిల్లోళ్ళకంటే నాకే కదమ్మణ్ణీ! వాళ్ళకు రాకపోతే ఎవుర్ని అంటారు? మార్కులు తక్కువొస్తే బడి మూసేస్తారంట. మూసేస్తే ఈ పిల్లోళ్ళు ఆ పెద్దరోడ్డు దాటి అవతల బడికి పోవల్ల. లారీలు ఎట్లొస్తాయో చూస్తివి కదా?"

బడి పేరు ఎక్కడా బయటికి రాదనీ, అన్ని బడులవీ కలిపి ఒక అంకె మాత్రమే తీస్తారనీ నేను బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పాను. ఆవిడ నమ్మలేదు. (నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా నమ్మకం లేదు.) టీచర్ల లెక్క దగ్గరికొచ్చాం. బడిలో ఎందరు టీచర్లున్నారని టాబ్ అడుగుతోంది. "నేనొకదాన్ని ఉండా. ఇంకో పాప ఉండాది, గెస్ట్ టీచరు, ఈ పొద్దు రాలేదు. ఒకటి, రెండు, మూడు తరగతులు నావే. కాగితాలు పంపేదీ నేనే. బిసియూటలో ఉప్పు చాలిందా అని చూసేదీ నేనే. నన్ను ముగ్గురని రాసుకునేకి అయితాదా?" అంది ఆశగా. మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనంలో ఉప్పు చూసే మనిషికి మా టాబ్‌లో గడి లేదు. గెస్ట్ టీచరుది వేరే గడి, ఆవిడ గడిలో ఒకటి అని నొక్కాను. "ఒకటేనా?" అంది ఆవిడ, తనలో రెండు వంతులు ఎవరో కాజేసినట్టు నావైపు చూస్తూ.

తర్వాత టాబ్ ఎంచిన పిల్లలను ఒక్కొక్కరినే పక్కగదిలోకి పిలిచాను. కార్డు మీద నాలుగు అంకెలుంటాయి, అన్నిటికంటే పెద్దది చూపించమనాలి. ఒక పదం ఉంటుంది, దానికి తగిన బొమ్మను ముట్టుకోమనాలి. మొదటి పిల్లవాడు తాపీగా వేలును ఒక్కొక్క అంకె మీదుగా నడిపించి సరైన అంకె మీద ఆపాడు. తర్వాతి పిల్లా అంతే. ఆ తర్వాతివాడూ అంతే. ఎవరూ కార్డును పెద్దగా చూస్తున్నట్టే లేదు, కళ్ళు విప్పార్చుకుని నావైపే చూస్తున్నారు, వేలు మాత్రం ఠక్కున ఆగాల్సిన చోట ఆగుతోంది. నేను మురిసిపోయాను. బోయకొట్టాల అనే ఊరి నుంచి వచ్చిన కూలివాళ్ళ కూతురు, రెండు జడల పిల్ల ఒకతి, బొమ్మలూ అంకెలూ అయ్యాక కన్నడ పేరా కూడా గడగడా చదివేసింది. ప్రతి వాక్యం చివర ఒకసారి తలెత్తి నన్ను చూసి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయేది. సాయంత్రానికి ఆ బడి నా టాబ్‌లో దేశంలోనే మొదటి బడిలా వెలిగిపోతోంది.

హెడ్ మిస్సుకు చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "అందరికీ వచ్చేసిందా? మా పిల్లోళ్ళకేనా? అయ్యో దేవుడా, ఇన్ని మార్కులు వస్తే కాపీ కొట్టించినామంటారు కదమ్మా! కొంచెం తగ్గించేకి అయ్యేల్లేదా?" అంది. తక్కువొస్తాయని పొద్దున్న ఒక భయం, ఎక్కువొచ్చాయని సాయంత్రం ఇంకో భయం. నేను నవ్వబోయాను. అంతలో ఫోన్లో మెసేజ్ వచ్చింది, రేపు ఆ బడిలోనే బ్యాక్ చెక్ అని. నవ్వు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు బ్యాక్ చెక్ సార్ అదే గదిలో కూర్చుని అవే కార్డులు తీశాడు. నేనూ హెడ్ మిస్సూ కిటికీ బయట నిలబడ్డాం. మొదటి పిల్లవాడు వేలు అంకెల మీదుగా నడిపించాడు, సార్ ముఖం చూశాడు. మళ్ళీ మొదటినుంచి నడిపించాడు, మళ్ళీ చూశాడు. ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. వాడి వేలు గాలిలో ఆగిపోయింది. చివరికి వాడు, బస్సెక్కాక టికెట్ అడిగినంత మామూలుగా అడిగాడు. "సార్, మీరు తల ఊపరా?"

"తల ఊపుడేంది?"

"నిన్న అక్క ఊపింది కదా. కరెక్టుకాడికొస్తే అక్క ఊపుతాది."

నాకు ముచ్చెమటలు పట్టాయి. సార్ మెల్లగా కిటికీ వైపు తిరిగాడు. "ఏందమ్మా, పిల్లలకు తల ఊపినవా?"

"లేదు సార్" అన్నాను. అంటూ అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు, ఏదో ఒకటి మాత్రం ఊపాను. టీచర్ల ఇంట్లో పుట్టినదాన్ని. ఎవరైనా సరైన జవాబు దగ్గరికొస్తుంటే నాకు తెలియకుండానే నా తల వంగుతుంది. నిన్నంతా ఆ పిల్లలు కార్డు చదవలేదు, నన్ను చదివారు. పక్కన హెడ్ మిస్సు నోటిమీద చేయి పెట్టుకుంది. "నేనూ ఊపతానేమో అప్పా... ఇన్నేండ్లూ నా తల చూసే చెప్తా ఉండిరేమో" అని గొణిగింది. ఆవిడ కళ్ళల్లో నిజమైన దిగులు కనబడింది. నాకు మాత్రం బీఎడ్ కాలేజీ గేటు కనబడింది.

సార్ నా మార్కులన్నీ రద్దు చేశాడు. అయితే, ఇంటికి పొమ్మనలేదు. "రెండ్రోజులాగి వేరే కార్డులతోటి మళ్ల జెయ్యి. నేను పక్కన్నే కూసుంట. తల కదిలిందో, నీ నౌకరి పాయె" అన్నాడు. ఆ రెండు సాయంత్రాలూ పీజీలో నా రూమ్మేట్ నాకు గురువైంది. ఆమెది విజయవాడ, ఎలక్ట్రానిక్ సిటీలో పని. నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పేది. "సెవెన్ ఎయిట్స్ ఆర్ ఫిఫ్టీ ఫోర్... ఫిఫ్టీ ఫైవ్... ఫిఫ్టీ సిక్స్... ఇదుగో, మళ్ళీ ఊపావే తల్లీ! నీ మెడలో స్ప్రింగేమైనా ఉందా?" అని మెడకు తువ్వాలు చుట్టింది, నెత్తిమీద స్టీలు గ్లాసు పెట్టింది. గ్లాసు కిందపడ్డ ప్రతిసారీ పక్కగదివాళ్ళు గోడ మీద కొట్టేవారు. రెండో రోజుకు గ్లాసు నిలబడింది. "ఇప్పుడు నిన్ను చూస్తే నాకే భయమేస్తోంది" అంది రూమ్మేట్. అంతకంటే గొప్ప మెచ్చుకోలు నాకు అక్కర్లేకపోయింది.

మళ్ళీ ఆ బడికి వెళ్ళినరోజు నా ముఖం నిజంగానే గోడ అయిపోయింది. సార్ పక్కనే కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, నన్ను చూసి, అలవాటైన అక్క ఎక్కడికి పోయిందా అని తికమకపడి, చివరికి గత్యంతరం లేక కార్డు వైపే చూశారు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. అన్ని బడుల్లో ఉన్నట్టే ఉంది. నా మెడ నొప్పి పుడుతోంది, అయినా కదలలేదు.

అప్పుడు రెండు జడల పిల్ల వచ్చింది. పేరా మొదలుపెట్టింది, మొదటి వాక్యం తడబడకుండా చదివి తలెత్తి నన్ను చూసింది. నేను ఊపలేదు. ఆగింది. తప్పు చదివాననుకుని మళ్ళీ మొదటికి వెళ్ళి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివి, మళ్ళీ చూసింది. నేను కదల్లేదు. సార్ నన్నే చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ పిల్ల మళ్ళీ మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. మూడోసారి నోరు తెరిచింది కానీ మాట రాలేదు. తల వంచుకుని జడ కొస నలుపుకుంటూ నిలబడిపోయింది. ఇచ్చిన సమయం అయిపోయింది. 'పేరా చదవలేదు' అన్న గడి మీద నా వేలే నొక్కింది. "గుడ్" అన్నాడు సార్. "ఇగ నేర్చుకున్నవ్." టాబ్‌లో ఉన్నదంతా అక్కడే పైకి పంపించేశాం.

ఉద్యోగం నిలబడింది. బయటికి రాగానే నాన్నకు చెప్పాలని ఫోన్ తీసి, బడి పక్కన మూసి ఉన్న లేతు షాపు షట్టరుకు వీపు ఆనించబోయాను. బిసియూట కోసం పళ్ళెం పట్టుకుని వరుసలో ఉన్న పిల్లల్లోంచి కేక వినబడింది. "అక్కా! ఆడ ఆనుకోవాకు! షాక్ కొడతాదని రాసుండాది!"

ఉలిక్కిపడి ముందుకు దూకాను. వెనక్కి తిరిగి చూస్తే షట్టరు పక్కన గోడ మీద సుద్దముక్కతో కన్నడంలో గిలికిన రెండు వరుసలు. షట్టరుకు కరెంటు పాకుతోంది, ఎవరూ ముట్టుకోవద్దు అని. పుర్రె బొమ్మ లేదు, ఏ బొమ్మా లేదు. కేక వేసింది రెండు జడల పిల్ల.

"నీకెవరు చెప్పారు?" అన్నాను, షట్టరుకు ఇంకో అడుగు దూరం జరుగుతూ.

"ఎవురూ చెప్పలా. ఇప్పుడే చూస్తి. రాసుండాది కదక్కా" అంది. నాకే చదవడం రాదేమోనని అనుమానపడ్డట్టుంది, వేలు చాపి రెండు వరుసలూ నాకోసం నిదానంగా చదివి వినిపించింది. ఈసారి ఆ పిల్ల నావైపు చూడనేలేదు.

బండి స్టార్ట్ చేస్తున్న సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆ పాపకు చదవడం వచ్చు సార్, ఒక్క గడి మార్చండి సార్ అన్నాను. ఆయన కాసేపు ఆ గోడ వైపు చూశాడు. "ఒచ్చు. నాక్కూడ ఎరుకైంది" అన్నాడు మెల్లగా. "గని పోయినదాన్ని దిద్దితే మనం ఏసిందంతా అనుమానంలో పడ్తది. నీ నౌకరి, నా నౌకరి రెండూ పోతయ్." నేను ఇంకొక మాట అడగాల్సింది. అడగలేదు. ఉద్యోగం పోతుందన్న భయం అప్పుడు నాకు ఆ షట్టరులో కరెంటు కంటే ఎక్కువ. దిగులుగా ఉంది, సిగ్గుగా ఉంది, అయినా నాన్నకు ఫోన్ చేసి ఉద్యోగం పర్మనెంటయ్యేలా ఉందని చెప్పాను.

ఇప్పుడు నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుని అంకెలతోనే పనిచేస్తాను, బడుల జోలికి పోను. ఎప్పుడైనా పేపర్లో దేశంలో మూడో తరగతి పిల్లల్లో ఇంతమందికే చదవడం వచ్చునని వార్త వస్తే, మా ఆఫీసులో టీ తాగుతూ అందరూ ఘాటుగా వాదించుకుంటారు, టీచర్లదే తప్పని ఒకరు, పిల్లల ఫోన్లదే తప్పని ఇంకొకరు. మెడ బిగబట్టుకుని ఆ పిల్ల ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ళ భయస్తురాలు అప్పుడు నాకు గుర్తొస్తుంది. దాన్ని తిట్టాలనిపించదు, పాపం, చిన్నగా నవ్వొస్తుంది. ఆ అంకెకు మనసులో ఒకరిని కలుపుకుని టీ తాగేస్తాను. స్టాటిస్టిక్స్ చదివినదాన్ని, ఒక్కరిని కలిపినంత మాత్రాన దేశం సగటు కదలదని నాకు తెలుసు. అయినా కలుపుతాను.