కందుల సంచి మీద గులాబీ నేల

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను వికారాబాద్‌లో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని. కాపురం మాత్రం తాండూరులో. మా ఆయన అక్కడ ఒక పప్పు మిల్లులో గుమాస్తా. పొద్దున్నే అత్తమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూటతో పాసింజరు ఎక్కేదాన్ని, సాయంత్రం మళ్ళీ అదే బండిలో ఇల్లు చేరేదాన్ని. ఆ ప్రయాణాల్లోనే మా బడి డ్రాయింగు టీచరుతో స్నేహం కుదిరింది. ఆమెదీ తాండూరే, ముస్లింల ఇంటి ఆడపడుచు. నాకన్నా బాగా పెద్దది, పెళ్ళి చేసుకోలేదు. పిల్లలతో పాటు నేనూ ఆపా, అంటే అక్కా, అనే పిలిచేదాన్ని.

ఒక సోమవారం ఆపా రైలు పెట్టెలోకి ఎక్కిన తీరే వేరుగా ఉంది. కూర్చోకముందే సంచిలోంచి పెద్ద పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"హైదరాబాదుల ఫుట్‌పాత్ మీద దొరికింది. ముందుగాల సూడు. మాటలు తర్వాత."

అన్నీ రంగు బొమ్మలే. ఒక ఫ్రెంచి చిత్రకారుడు ఇల్లూ వాకిలీ వదిలి, ఓడెక్కి, ఎక్కడో దక్షిణ సముద్రంలో ఉన్న తాహితి అనే దీవికి వెళ్ళి, అక్కడి మనుషులను చూస్తూ వేసిన బొమ్మలట. పేజీ తిప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒకామె ఎర్రబట్టకు తెల్లపూలు, చెవి మీద పువ్వు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒళ్ళంతా ఆ చేతి మీద వాల్చి, తల వంచుకుని ఏదో ఆలోచనలో ఉంది.

నా చెయ్యి ఆ పేజీ మీదే ఆగింది. పనంతా అయ్యాక మా అత్తమ్మ అరుగు మీద కూర్చునేది అచ్చం అలాగే. ఆ మోచెయ్యి, ఆ బరువైన భుజం, ఎవరినీ పట్టించుకోని ఆ చూపు. అప్పటిదాకా నేను చూసిన బొమ్మల్లో ఆడవాళ్ళంటే క్యాలెండర్ల మీది దేవతలు, సబ్బు డబ్బాల మీది సుందరులు. ఇంత నల్లని చర్మాన్ని, ఇంత లావు పాదాలను ఇంత ప్రేమగా ఎవరైనా బొమ్మలో పెడతారని నాకు తెలియదు.

మరో పేజీలో నేల గులాబీ రంగులో ఉంది, చెట్లు నీలంగా ఉన్నాయి. "ఆపా, నేల ఎక్కడైనా గులాబీగా ఉంటుందా?" అన్నాను. ఆపా కిటికీ వైపు చెయ్యి చూపింది. బండి ధారూర్ దాటుతోంది. కొత్తగా దున్నిన ఎర్రమట్టి చేల మీద ఎండ వాలుగా పడి, నేలంతా లేత గులాబీగా మెరుస్తోంది. దూరంగా గుట్టలు ఊదారంగులో ఉన్నాయి. ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ రోజుదాకా నా కంటికి ఆనలేదు. నేను లేచి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. ఎదురు బల్ల మీది కూరగాయలామె, ఏం కొంప మునిగిందోనని తనూ బయటికి తొంగి చూసింది.

పుస్తకం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. కొన్ని బొమ్మల్లో ఆడవాళ్ళకు పైన బట్ట లేదు. ఆ పేజీలు అత్తమ్మ కంట పడకుండా దాటిద్దామనుకున్నాను గానీ, ఆమె తనే తిప్పి చూసింది.

"గీళ్ళకు రైకల్లేవేంది?"

"వాళ్ళ దేశంలో అంతేనట, అత్తమ్మా."

"మా నాయనమ్మ సచ్చిందాక రైక తొడుగలే. గందుకేంది, మంచిగనే ఉన్నరు." కాసేపు చూసి మళ్ళీ అడిగింది, "గీమె నవ్వుతలేదు. ఏం ఫికరో. బొమ్మ దించెటాయన ఆమెను అడిగిండంటవా?"

ఆయన అడిగాడో లేదో నాకు తెలియదు. తర్వాతి కాలంలో ఆయన గురించి చదివాను. ఆ దీవిని ఫ్రెంచివాళ్ళు ఏలుతున్న రోజులవి. ఆయన అక్కడ పదమూడు పద్నాలుగేళ్ళ ఆడపిల్లలను ఇంట్లో పెట్టుకున్నాడని తెలిసి మనసు చేదయింది. అయినా ఆ బొమ్మలు చూసినప్పుడల్లా నా చూపు ఆయన మీదికి పోదు, ఆ ఆడవాళ్ళ మీదే నిలుస్తుంది.

అత్తమ్మ అన్న మాట ఆపాకు చెప్పాను. ఆదివారం ఆమె రంగుల పెట్టెతో మా ఇంటికి వచ్చింది.

"అమ్మా, నేను మిమ్మల్ని అడిగే దించుత. జర కూసుంటరా?"

అత్తమ్మ కోపగించుకుంటుందని భయపడ్డాను. నలుగురి ముందు నోరెత్తని మనిషి, ఊళ్ళో ఫోటో తీసేవాడు వస్తే వంటింట్లోకి పోయే మనిషి. ఆమె ఆపాను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఎర్రచీర తీసి కట్టుకుని వచ్చింది.

"నవ్వుమంటే నవ్వ. ముందే జెప్తున్న."

బొమ్మ వెయ్యడానికి మంచి బట్ట తాండూరులో దొరకదు. "ఆ ఫ్రెంచాయన గూడ పైసల్లేక గోనెపట్ట మీదనే ఏసిండట," అంది ఆపా. మా ఆయన మిల్లు నుంచి ఖాళీ కందుల సంచి ఒకటి తెచ్చి, విప్పి, చట్రానికి మేకులు కొట్టి బిగించాడు. ఆపా సుద్దపొడి జిగురులో కలిపి దాని మీద పూసింది. ఆరాక చూస్తే నేత గరుకుగా, బలంగా కనబడుతోంది. ఆపా దాన్ని అరచేత్తో నిమిరి మురిసిపోయింది.

అక్కడినుంచి ఆదివారమంటే మా ఇంట్లో పండుగే. పక్కింటి కన్నడం వాళ్ళు ప్రహరీ మీదుగా తొంగి చూసేవాళ్ళు. అత్తమ్మ తెల్లవారకముందే పని ముగించి, ఎర్రచీర కట్టి, చెయ్యి నేలకు ఆనించి సిద్ధంగా ఉండేది. ఆపా కాస్త ఆలస్యం చేస్తే నన్ను వీధిలోకి పంపేది. మధ్యలో లేచి బొమ్మ చూసి పేచీ పెట్టేది: "ముక్కు గంత లావున్నదా? నా చేతి మీద పచ్చబొట్టేది?" ఆపా పచ్చబొట్టు పెట్టేదాకా మళ్ళీ కూర్చోలేదు.

ఒక ఆదివారం ఆపా నేలకు రంగు వేసింది. గులాబీ, దాని మీద అక్కడక్కడ ఎరుపు. అత్తమ్మ వచ్చి చూసింది.

"తాండూరు మట్టి నల్లగుంటది గద. గిదేడి మట్టి?"

"రైల్ల నుంచి సూసిన మట్టి, అమ్మా. వికారాబాద్ దిక్కుది."

అత్తమ్మ వంగి ఆ రంగును దగ్గరగా చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "మా అమ్మగారి ఊరు మోమిన్‌పేట కాడ. గిట్లనే ఉంటది మట్టి. వానకు కాళ్ళన్ని ఎర్రగయితుండె." తలమీద కొంగు సర్దుకుని, "గీడ తంగేడు చెట్టు పెట్టు, పంతులమ్మా. పూలు మస్తుగ పెట్టు," అంది.

ఆ ఊరి సంగతి ఆమె నోట వినడం నాకు అదే మొదలు. అన్నదమ్ములు పోయారు, ఇల్లు చేతులు మారింది. పిలిచేవాళ్ళు లేని ఊరికి పోవడమెందుకని ఆమె ఎన్నో ఏళ్ళుగా అటు పోనేలేదు.

ఆ ఏడు బడిలో పిల్లల బొమ్మలతో పాటు ఆపా ఈ బొమ్మనూ ప్రదర్శనకు పెట్టింది. చూస్తానని అత్తమ్మ పట్టుబట్టి మాతో రైలెక్కింది. బడి హాల్లో కిటికీల వెలుగులో ఆ బొమ్మను చూస్తే నాకే ఒళ్ళు పులకరించింది. గులాబీ నేల మీద ఎర్రచీరలో అత్తమ్మ, వెనక పచ్చగా విరగబూసిన తంగేడు. పిల్లలు దాని ముందునుంచి కదలడం లేదు.

చూడడానికి వచ్చిన విద్యాశాఖ పెద్దమనిషి ఒకాయన కళ్ళద్దాలు సర్దుకుని, "బాగుందమ్మా. నేల మాత్రం ఇలా ఎక్కడుంటుంది?" అన్నాడు.

నా వెనకనుంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"మోమిన్‌పేట కాడుంటది. రాండ్రి, సూపిస్త."

ఆయన తిరిగి ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు, చేతులు జోడించి నవ్వాడు. "మీరు చెప్పాక ఇంకేముంది," అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆపా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. "నిజంగనే పోదామా?"

"పిలిచెటోళ్ళు లేరు, బిడ్డా."

"పిలుపెందుకు. బస్సున్నది."

మర్నాడు బడికి సెలవు. ఆ రాత్రి ముగ్గురం వికారాబాద్‌లో నా తోటి టీచరు ఇంట్లో పడుకుని, పొద్దున్నే మోమిన్‌పేట బస్సెక్కాం. అక్కడ దిగి బాటవెంట నడుస్తుంటే అత్తమ్మ మాకు అందలేదు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషి కుచ్చిళ్ళు పైకి దోపి ముందు పరుగులాంటి నడక నడుస్తోంది. ఇది ఎవరి చెలక, ఇది ఏ వాగు, తను ఎక్కడ జారి పడింది, వెనక్కి తిరక్కుండానే చెబుతోంది.

ఊరి మొదట్లో ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టి చూసి, చేతిలో ఉన్నది కింద పడేసి లేచింది.

"ఏమే, నువ్వేనా? గిన్నేండ్లా? ఇల్లు పోతే పోయె, నేను సచ్చిన్ననుకున్నవా?"

ఇద్దరూ చిన్నప్పుడు కలిసి మేకలు కాశారట. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. మజ్జిగ తాగేటప్పుడు అత్తమ్మ బొమ్మ సంగతి చెప్పింది. పచ్చబొట్టు, తంగేడు, చేతులు జోడించిన పెద్దమనిషి, ఒక్కటీ వదలలేదు. ఆ ముసలామె అంతా విని ఆపా వైపు తిరిగింది.

"మరి నన్నెప్పుడు దించుతవు?"

ఆపా అప్పటికే సంచిలో పెన్సిలు వెతుకుతోంది.