కొత్త అరుగు మీద మిరపకాయలు చెరిగిన వైనం

ఈ అరుగు మీద కూర్చుని నేనివాళ చల్లగా మజ్జిగ తాగుతున్నానంటే అందులో నా గొప్పేమీ లేదు. అంతా నా మనవరాలు స్రవంతి ఓర్పు. మూడేళ్ల కిందట ఒక్క పూటలో నేను వెలగబెట్టిన నిర్వాకానికి ఈ ఇల్లు ఇల్లంతా తుమ్మింది. ఆ తుమ్ముల్లో ఆ పిల్ల బతుకుతెరువే కొట్టుకుపోవలసింది. చెబుతాను, నవ్వుకోండి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వుకోండి.

స్రవంతి ఇళ్లు కట్టే ఇంజినీరు. ఒంగోలులో ఆఫీసు ఉద్యోగం మానేసి, సొంతంగా కట్టిస్తానని వచ్చి మొదటి ఇల్లు నాకే కట్టింది. అంతకుముందు నేనుండే రేకుల ఇంట్లో ఎండాకాలం అప్పడాలు నూనె లేకుండానే వేగేవి.

కట్టిందన్నాను గాని, కట్టిందెక్కడ? గోడలు లారీలో వచ్చాయి! నలుగురు మనుషులు వాటిని దించి, మంచానికి కోళ్లు బిగించినట్టు బోల్టులు బిగించి, వారం తిరక్కుండా ఇల్లు నిలబెట్టేశారు.

"ఇవి దేంతో చేశారే?" అన్నాను గోడ మీద వేలితో కొట్టి చూస్తూ.

"పత్తికట్టెను పొడి చేసి నొక్కిన పలకలు, నాయనమ్మా."

"పొయ్యిలో పెట్టేదాన్ని తెచ్చి గోడకు పెట్టావా!"

"చేలో ఊరికే తగలబెడుతున్నారుగా, మనకు నీడన్నా ఇస్తుంది. రేపు ఇంకో గది కావాలంటే పక్కన తగిలించుకోవచ్చు కూడా."

"నాకున్న నాలుగు చీరలకు ఇంకో గదెందుకే?"

హాలుకు చేను వైపు గోడే లేదు, పక్కకు జరిగే పెద్ద తలుపులున్నాయి. అవి జరిపితే హాలు, బయటి అరుగు ఒకటైపోతాయి. మధ్యలో గడప అడ్డం కూడా లేదు. అరుగుకు మార్టూరులో పాలిష్ చేయగా మిగిలిన గ్రానైట్ ముక్కలు పరిపించింది. పారేసే రాయితో పని జరిగిందని అక్కడ మాత్రం నేను దాన్ని మెచ్చుకున్నాను. చేలగాలి అరుగు దాటి హాల్లోకి వస్తుందట. లోపలి వేడిగాలి కప్పు కింద ఉన్న పైకిటికీల్లోంచి బయటికి పోతుందట. ఆ కిటికీలకు తాళ్లు కట్టింది, లాగితే తెరుచుకుంటాయి.

మీరే చెప్పండి, చల్లటి ఇల్లు కట్టి ఆ చల్లదనం పారిపోవడానికి పైన కిటికీలు పెడతారా ఎవరైనా? మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకే తెలిసిన సంగతి ఇంత చదివినదానికి తెలియలేదని జాలిపడ్డాను. ఒకరోజు అది మార్టూరు వెళ్లడం చూసి, పనివాళ్లు వదిలేసిన నిచ్చెన వేసుకుని ఎక్కాను. పాత గోతాలు మడతపెట్టి పైకిటికీలన్నిట్లో కుక్కేశాను. జారిపోకుండా పురికొసతో బిగించి కట్టాను కూడా. డెబ్బయి దాటినదాన్ని నిచ్చెన ఎక్కానని మెచ్చుకోరేం?

మర్నాడు పొద్దున్నే పొదిలి నుంచి మేరీ టీచరుగారు ఇల్లు చూడటానికి వచ్చారు. ఆవిడ రిటైరయ్యారు, చిన్న ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నారు. ఆవిడ రాకముందే స్రవంతి నా చెయ్యి పట్టుకుంది.

"నాయనమ్మా, ఆవిడకు నచ్చితే నాకు రెండో ఇల్లు దొరికినట్టు. నచ్చకపోతే మళ్లీ ఒంగోలు ఆఫీసుకే పోవాలి. ఈ ఒక్కపూట దేన్నీ కదిలించకు."

"నేనేం కదిలిస్తానే!"

వాళ్లు పెద్ద తలుపులు బార్లా జరిపి హాల్లో గోడలు, బోల్టులు చూసుకుంటున్నారు. నేను అరుగు మీదున్నాను. వచ్చినావిడ ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే సోమరిముండ అనుకోదూ? పక్కనే బస్తాడు మిరపకాయలున్నాయి. ఏడాది కారానికని కల్లం నుంచి తెచ్చుకుని ఆ గ్రానైట్ మీద ఆరబోస్తే నాలుగెండలకే గలగలలాడుతున్నాయి. దుమ్మూ గింజలూ పోవాలంటే చెరగాలి. గాలి చూడబోతే దివ్యంగా ఉంది. కల్లంలో చెరిగేటప్పుడు గాలికి వీపు తిప్పి నిలబడాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు అలవాటు. అలాగే చేను వైపు వీపు తిప్పి చేట అందుకున్నాను. నా మీద ఒక్క గింజ పడితే ఒట్టు! దుమ్మంతా తుర్రుమని ఎదటికి పోతోంది. ఎదట ఏముందో చూసుకోవద్దూ? కల్లంలో అయితే ఉత్త పొలం. ఇక్కడ హాలు.

ముందు స్రవంతి తుమ్మింది. తరవాత టీచరుగారు.

"దేవుడా! ఏంటమ్మా ఈ ఘాటు?"

"నాయనమ్మా! చేట ఆపు!"

"ఉండవే, గాలి మంచి ఊపు మీదుంది!"

"ఆ గాలంతా ఇంట్లోకే వస్తోందే! టీచరుగారూ, ఒక్క నిమిషం, పైకిటికీలు తెరుస్తాను." స్రవంతి తాడు లాగింది. కదల్లేదు. వేలాడింది. అయినా కదల్లేదు. "ఇవేంటి రావట్లేదు?"

చేట కింద పెట్టాను. "ఎలా వస్తాయే? గోతాలు కుక్కి కట్టేశాగా."

"ఎందుకూ?"

"చల్లదనం పోతుందని."

ఆ పిల్ల నావంక చూసిన చూపు ఉంది చూశారూ, ఆ బస్తా మిరపకాయలకూ అంత ఘాటు లేదు. కళ్లనిండా నీళ్లు. కారానికో, నా మీద కోపానికో నేను అడగలేదు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. దాని కష్టాన్నంతా నేనే గోతాలు కుక్కి మూసేశాను.

కొంగు బిగించి కొడవలి పట్టుకుని నిచ్చెనెక్కాను. కింద స్రవంతి తుమ్ముతూ ఒక కాలు, టీచరుగారు దగ్గుతూ ఇంకో కాలు పట్టుకున్నారు, నిచ్చెనవి. ఒక్కో తుమ్ముకూ నేను పైన ఉయ్యాలూగాను. పురికొసలు కోసి గోతాలు ఒక్కొక్కటే లాగి పడేశాను. ఆఖరిది ఊడేసరికి హాల్లో ఘాటంతా పైకి లేచి, ఎవరో పిలిచినట్టు కిటికీల్లోంచి బయటికి పోయింది. నేను నిచ్చెన దిగి నిలబడేసరికి కింద తుమ్ములు ఆగిపోయాయి.

టీచరుగారు కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, పైకి చూశారు.

"ముప్ఫయ్యేళ్లు సుద్దపొడి పీల్చిన ముక్కమ్మా ఇది, దీనికే నీళ్లు తెప్పించారు. అంత ఘాటునూ ఈ ఇల్లు ఇంతలో బయటికి తోసేసిందంటే నాకింకేం చూపించక్కర్లేదు. నాకూ ఇదే కట్టు స్రవంతీ. ఒక్కటే షరతు."

"చెప్పండి టీచరుగారూ."

"గృహప్రవేశానికి పెద్దమ్మగారిని తప్పకుండా తీసుకురా. చేట మాత్రం ఇంట్లో పెట్టి రమ్మను."

స్రవంతి నన్ను కావలించుకుని ఏడ్చిందో, నవ్విందో, తుమ్మిందో నాకు తెలియదు. మూడూ నా భుజం మీదే చేసింది. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని. తిట్టలేదు గనకే ఇప్పటికీ, చేలగాలి అరుగు దాటి లోపలికి వచ్చినప్పుడల్లా దాన్ని తలుచుకుని చెయ్యెత్తి దీవిస్తాను.

కాబట్టి, ఈ పత్తికట్టె గోడల సాక్షిగా, మార్టూరు రాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఈ అరుగు మీద చేట పట్టను, పైకిటికీల జోలికి పోను. ఆ గోతాలు మాత్రం దులిపి, మడతపెట్టి, మంచం కింద దాచాను. బంగారం లాంటి గోతాలు, పారేయమని ప్రమాణంలో లేదుగా.